ఒకే ఫీడ్, ఎనిమిది తెరలు: కళ్యాణ మండపంలో వీడియో సిగ్నల్ పంచే పద్ధతి

తిరుచానూరు రోడ్డులో ఏ కళ్యాణ మండపంలో పెళ్లి ఒప్పుకున్నా ఇప్పుడు అడిగేది దాదాపు ఇదే. వేదిక పక్కన ఎల్‌ఈడీ వాల్, గేటు దగ్గర ఇంకో వాల్, భోజనాల హాల్లో నాలుగు టీవీలు, పెళ్లికూతురి గదిలో ఒక టీవీ, ఊరు రాలేని బంధువులకు లైవ్, వీటితో పాటు రికార్డింగ్. అన్నిట్లోనూ ఒకే బొమ్మ కనబడాలి. కెమెరాలన్నీ వచ్చి కలిసే వీడియో మిక్సర్‌ను వెనక్కి తిప్పి చూస్తే, ప్రోగ్రాం అవుట్ అని రాసిన సాకెట్లు (ఎంచుకున్న బొమ్మ బయటికి వచ్చేవి) ఒకటో రెండో ఉంటాయి.

అప్పుడు ఎవరో ఒకరు "అన్నా, లైనుకు ఒక టీ జాయింట్ కొట్టేస్తే అయిపోతుంది కదా" అంటారు. కరెంటు లైనుకు ఇంకో బల్బు తగిలించినట్టు వీడియో లైనుకు ఇంకో టీవీ తగిలించలేం. ఎందుకో తెలియాలంటే పాత కాంపోజిట్ వీడియోతో (బొమ్మంతా ఒకే తీగలో వోల్టేజీగా పోయే పద్ధతి) లెక్క కట్టడం తేలిక. కెమెరా లోపల సిగ్నల్ 2 వోల్టులు. అది 75 ఓమ్ రెసిస్టర్ గుండా బయటికి వస్తుంది. అటు చివర టీవీలో ఇంకో 75 ఓమ్ ఉంటుంది. వోల్టేజీ రెంటి మధ్యా సగం సగం అయి టీవీకి 1 వోల్టు అందుతుంది. అందులో 0.3 సింక్‌ది (బొమ్మ గీతలను వరుసలో నిలిపే సంకేతం), 0.7 బొమ్మది. టీ పెట్టి రెండో టీవీ కలిపితే అటువైపు లోడ్ 37.5 ఓమ్‌కు పడిపోయి ఒక్కో టీవీకి 0.67 వోల్టే అందుతుంది. మూడో టీవీతో 0.5, నాలుగోదానితో 0.4. రెండు టీవీల వరకు టీవీలోపలి ఆటోమేటిక్ గెయిన్ ఆ లోటును పూడ్చేస్తుంది కాబట్టి బొమ్మ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మోసపోయేది అక్కడే. మూడోది తగిలించగానే బొమ్మ మసకబారి, సింక్ కుంగి, గీతలు పక్కకు జారడం మొదలవుతుంది.

డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫైయర్ సిగ్నల్‌ను ముక్కలు చేయదు. ఫీల్డులో అందరూ డీఏ అనే ఈ డబ్బా వచ్చిన సిగ్నల్‌ను చదువుకుని, లోపల రెండింతలు చేసి, ప్రతి అవుట్‌పుట్‌కూ విడిగా ఒక 75 ఓమ్ గుండా కొత్తగా పంపుతుంది. అందుకే ఒక లైను తెగినా, చివర షార్ట్ అయినా మిగతా లైన్లు నడుస్తూనే ఉంటాయి. ఇప్పుడు మిక్సర్ల నుంచి బొమ్మ అంకెల రూపంలో ఒకే కోయాక్సియల్ కేబుల్ మీద పోయే పద్ధతి ఎస్‌డీఐ. ఎస్‌డీఐ డీఏ ఇంకో పని కూడా చేస్తుంది. కేబుల్‌లో అరిగిపోయి వచ్చిన అంకెలను సరిదిద్ది, గడియారం (అంకెల టైమింగ్) మళ్లీ కట్టి, 0.8 వోల్టుల తాజా సిగ్నల్‌గా బయటికి వదులుతుంది. దీన్నే రీక్లాకింగ్ అంటారు. కొనేటప్పుడు డబ్బా మీదో స్పెసిఫికేషన్‌లోనో ఆ మాట ఉందో లేదో చూడండి. లేకపోతే పొడుగు కేబుల్ తర్వాత దాన్ని పెట్టి ప్రయోజనం తక్కువ.

ఒక చిన్న హెచ్చరిక. కేబుల్ టీవీ వాళ్లు ఇళ్లలో బిగించే చిన్న స్ప్లిటర్ వేరే జాతిది. దాని మీద 5–1000 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంటుంది, స్క్రూ తిప్పి బిగించే ఎఫ్ కనెక్టర్లు ఉంటాయి. అది రేడియో ఫ్రీక్వెన్సీకి మాత్రమే. పైగా అది నిజంగానే పంచుతుంది: రెండు దారులదైతే 3.5 డీబీ (డెసిబెల్; 3 డీబీ పోతే సిగ్నల్ శక్తి సగమైనట్టు), నాలుగు దారులదైతే 7 డీబీ, ఎనిమిది దారులదైతే 11 డీబీ వరకు సిగ్నల్ పోతుంది. దాన్ని తెచ్చి ఎస్‌డీఐ లైన్లో పెడితే తెర నల్లగానే ఉంటుంది.

ఏమేం కావాలి

మిక్సర్ వేదికకు ఓ పక్కన, గేటు దూరంగా ఉన్న మామూలు మండపం అనుకుందాం. గోడల వెంబడి కేబుల్ తిప్పుకుని పోతే వేదిక వాల్‌కు 30 మీటర్లు, గేటుకు 70, భోజనాల హాలుకు 60, పెళ్లికూతురి గదికి 45. నేరుగా అడుగులు వేసి కొలిచిన దూరాన్ని నమ్మకండి. తలుపుల మీదుగా ఎక్కి దిగేసరికి కేబుల్ మూడో వంతు ఎక్కువ పడుతుంది.

– 1×8 (ఒక ఇన్‌పుట్, ఎనిమిది అవుట్‌పుట్లు) రీక్లాకింగ్ ఎస్‌డీఐ డీఏ ఒకటి (3జీ సపోర్ట్ ఉన్నది; ఇది ఫోన్ 3జీ కాదు, సెకనుకు 2.97 గిగాబిట్ల ఎస్‌డీఐ)
– ఎస్‌డీఐ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్లు ఐదు: వేదికకు, గేటుకు, హాలుకు, గదికి ఒక్కోటి, స్పేర్ ఒకటి
– భోజనాల హాల్లో పెట్టడానికి 1×4 హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ ఒకటి
– గట్టి రాగి తీగ ఉన్న ఆర్‌జీ6 కేబుల్: పై నాలుగు లైన్లకు 205 మీటర్లు, స్పేర్‌గా ఇంకో 70
– 75 ఓమ్ బీఎన్‌సీ (తిప్పి తగిలించే వీడియో ప్లగ్గు) క్రింప్ కనెక్టర్లు (పనిముట్టుతో నొక్కి బిగించేవి) 24, రెండు కేబుళ్లను కలిపే బ్యారెల్ జాయింట్లు రెండు, 75 ఓమ్ టెర్మినేటర్ (లోపల 75 ఓమ్ రెసిస్టర్ ఉన్న మూత) ఒకటి
– మల్టీమీటర్, 600 వీఏ యూపీఎస్

డీఏలో ఏడు అవుట్‌పుట్లు వాడకంలోకి వస్తాయి: పొడుగు లైన్లు నాలుగు, లైవ్ ఎన్‌కోడర్ (బొమ్మను ఇంటర్నెట్‌లోకి పంపే డబ్బా), రికార్డర్, మిక్సర్ దగ్గర చూసుకునే మానిటర్. ఎనిమిదోది ఖాళీ. ఆ ఖాళీ చాలా అవసరం. ముహూర్తం టైములో ఒక పోర్టు చచ్చిపోతే కేబుల్ అక్కడినుంచి తీసి ఇక్కడ తగిలించేస్తే పని నడిచిపోతుంది.

భోజనాల హాల్లోని నాలుగు టీవీలకు నాలుగు లైన్లు లాగే పని లేదు. ఒక్క ఎస్‌డీఐ లైను అక్కడిదాకా తీసుకెళ్లి, కన్వర్టర్‌తో హెచ్‌డీఎంఐ చేసి, హాల్లోనే స్ప్లిటర్‌తో నాలుగుకు పంచండి. దూరానికి ఎస్‌డీఐ, దగ్గరికి హెచ్‌డీఎంఐ అని గుర్తుంచుకుంటే చాలు. మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్‌ను 10 మీటర్లు దాటించకపోవడం మేలు. దాటాల్సి వస్తే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోవాలి. దానికి తలా తోకా ఉంటాయి. ఏ చివర పరికరానికి, ఏ చివర టీవీకి అన్నది కనెక్టర్ మీదే రాసి ఉంటుంది, తిప్పి పెడితే పనిచేయదు. క్యాట్6 మీద నడిచే హెచ్‌డీబేస్‌టీ బాక్సులైతే 1080 బొమ్మను 100 మీటర్ల వరకు తీసుకెళ్తాయి. కాకపోతే రాగి పూసిన అల్యూమినియం తీగ ఉన్న చౌక క్యాట్6తో వద్దు.

ఫార్మాట్ ముందు తేల్చుకోండి

కేబుల్ ఎంత దూరం పనిచేస్తుందో చెప్పేది దానిలో పోయే వేగం. 1080పీ50 సెకనుకు 2.97 గిగాబిట్లు (పీ అంటే ప్రతిసారీ పూర్తి బొమ్మ, ఐ అంటే ఒకసారి సరి గీతలు, మరోసారి బేసి గీతలు; 50 అంటే సెకనుకు అన్నిసార్లు). 1080ఐ50, 720పీ50 రెండూ 1.485. వేగం సగమైతే కేబుల్ ఎక్కువ దూరం లాగుతుంది. మంచి ఆర్‌జీ6 మీద 2.97కు 70 మీటర్లు, 1.485కు 100 మీటర్లు అని లెక్క వేసుకుంటే ఇబ్బంది రాదు. సన్న ఆర్‌జీ59 అయితే అందులో సగమే అనుకోండి.

గేటు లైను సరిగ్గా 70 దగ్గర ఉంది కాబట్టి 1080పీ50 పెడితే అంచు మీద నడవడమే. ఇక్కడ మామూలుగా 1080ఐ50 సరిపోతుంది. అన్ని టీవీలూ తీసుకుంటాయి, రికార్డింగ్ కూడా నిండుగా ఉంటుంది. ఒక్క ఇబ్బంది ఏమిటంటే కొన్ని ఎల్‌ఈడీ ప్రాసెసర్లు (వాల్‌కు బొమ్మ అందించే డబ్బాలు) ఇంటర్‌లేస్‌ను, అంటే ఐ రకాన్ని, సరిగా విప్పలేవు. అక్షింతలు చల్లుతున్న చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనబడతాయి. అలా కనిపిస్తే ఆ వాల్ లైనుకు మాత్రం 720పీ50కి మార్చే క్రాస్ కన్వర్టర్ పెట్టండి. "720 ఏమిటి, తక్కువ కదా" అని ఎల్‌ఈడీ వాళ్లు గొణగవచ్చు. పీ3.91 ప్యానెల్ (చుక్కకూ చుక్కకూ మధ్య 3.91 మిల్లీమీటర్లు) అరమీటరుకు 128 చుక్కలే. 4 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు వాల్‌లో ఉన్నవి 1024×640 చుక్కలు. 1280×720 బొమ్మే దానికి ఎక్కువ.

కెమెరాలు, మిక్సర్ అన్నీ 50లోనే ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. 60లో తీస్తే హాల్లోని కొన్ని లైట్ల కింద బొమ్మ రెపరెపలాడుతుంది. 1080పీ50 వాడక తప్పకపోతే మిక్సర్ మెనూలో 3జీ లెవల్ ఏ, లెవల్ బీ అని ఉంటుందేమో చూడండి. చాలా చిన్న కన్వర్టర్లకు లెవల్ బీ రాదు, లెవల్ ఏ పెట్టుకోవాలి.

కేబుల్, కనెక్టర్

నూటికి తొంభై తిప్పలు ఇక్కడివే. డీఏ చెడిపోయింది అనుకుని కొత్తది కొనేముందు కనెక్టర్ విప్పి చూడాలి.

డిష్ వాళ్ల ఆర్‌జీ6 కూడా పైకి అచ్చం ఇలాగే ఉంటుంది, లోపలి తీగ మాత్రం చాలావరకు రాగి పూసిన ఇనుము. డిష్ సిగ్నల్ తీగ పైపొరలోనే పోతుంది కాబట్టి అక్కడ అది సరిపోతుంది. ఎస్‌డీఐలో తక్కువ ఫ్రీక్వెన్సీలు కూడా ఉంటాయి, వాటికి ఇనుము అడ్డం. అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది డిష్ పనికే. మరో మోసం ఆర్‌జీ58. సన్నగా నల్లగా ఆర్‌జీ59లాగే కనబడుతుంది, కానీ 50 ఓమ్‌ది. బీఎన్‌సీ ప్లగ్గుల్లోనూ 50 ఓమ్‌వి కలిసిపోతుంటాయి. మొహం వైపు నుంచి లోపలికి చూస్తే పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ నిండుగా కనబడేది 50 ఓమ్‌ది. 75 ఓమ్‌దాంట్లో పిన్ను చుట్టూ ఖాళీ ఎక్కువ.

క్రింప్ చేసే పద్ధతి ఇది. ముందు స్లీవ్ (చివర్లో నొక్కే చిన్న లోహపు గొట్టం) కేబుల్ మీదికి ఎక్కించండి. ఇది మరిచిపోయి అంతా అయ్యాక మళ్లీ కోసేవాళ్లు చాలామంది. కనెక్టర్ ప్యాకెట్ మీదున్న కొలతకు స్ట్రిప్పర్ సెట్ చేసి ఒకే తిప్పుడులో చెక్కండి. బ్లేడు లోపలి రాగి తీగను గీరకూడదు. గీరిన చోట నాలుగుసార్లు వంచితే విరుగుతుంది. పిన్ను తొడిగి, దాని చిన్న కన్నంలో రాగి మెరుస్తుందో లేదో చూడండి. కనబడితేనే తీగ చివరిదాకా వెళ్లినట్టు. పిన్ను క్రింప్ చేశాక, జడలా అల్లిన బయటి తీగల్లో ఒక్క వెంట్రుక కూడా లోపలికి తొంగిచూడకుండా వెనక్కి దువ్వి, బాడీలోకి నెట్టండి. టక్కుమని చిన్న శబ్దం రావాలి. ఆ తర్వాతే స్లీవ్ ముందుకు జరిపి నొక్కాలి. అయ్యాక గట్టిగా లాగి చూడండి. చేతికి ఊడి వస్తే ఇప్పుడే రానివ్వండి.

ప్రతి కేబుల్‌కూ మల్టీమీటర్ పరీక్ష తప్పనిసరి. అటు చివర 75 ఓమ్ టెర్మినేటర్ తగిలించి, ఇటు పిన్నుకూ షెల్‌కూ మధ్య ఓమ్స్ చూడండి. 75కు ఒకటి రెండు, మహా అయితే నాలుగైదు ఓమ్‌లు పైన వస్తే కేబుల్ బాగుంది. సున్నా దగ్గర వస్తే వెంట్రుక తగులుతోంది. ఏమీ చూపకపోతే పిన్ను అందలేదు. 50 చూపితే టెర్మినేటరే తప్పు, పాత కంప్యూటర్ నెట్‌వర్క్ సామాన్లలోది వచ్చి కలిసింది. పాత కాంపోజిట్ లైన్లో 37 చూపితే దారిలో ఎవరో రెండో టెర్మినేషన్ స్విచ్ వేసి వదిలేశారు. కాంపోజిట్ డీఏలకు లూప్ అవుట్ (వచ్చిన సిగ్నల్‌ను ముందుకు పంపే సాకెట్) ఉంటుంది. లైను అక్కడే ఆగితే స్విచ్ 75లో, ముందుకు పోతే హై-జెడ్‌లో (75 ఓమ్ తీసేసిన స్థితి). చివరి పరికరం దగ్గర 75 లేకపోతే బొమ్మ తెల్లగా మండిపోయి పక్కన నీడ పడుతుంది.

కేబుల్ పరిచేటప్పుడు 7 సెంటీమీటర్ల కంటే తక్కువ వ్యాసార్థంతో మడవకండి. ఎల్‌ఈడీ వాల్ కరెంటు తీగలకు ఓ అడుగు దూరంలో నడిపించండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటండి. భోజనాల హాలు గుమ్మం దగ్గర సాంబారు బకెట్ల ట్రాలీ కేబుల్ మీదుగా పోతుంది. రబ్బరు ర్యాంప్ లేకపోతే గుమ్మం పైనుంచి కట్టెయ్యండి. ఒక్కసారి నలిగిన చోట కేబుల్ పైకి బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం ఇక 75 ఓమ్ కాదు.

ఎర్త్, జనరేటర్

ఎల్‌ఈడీ వాల్ వాళ్లు సొంత జనరేటర్ మీద ఉంటారు, మిక్సర్ మండపం బోర్డు మీద ఉంటుంది. రెండు ఎర్త్‌ల మధ్య తేడా ఉంటే దాన్ని కలిపే తీగ మీ బీఎన్‌సీ కేబుల్ షీల్డే అవుతుంది. కాంపోజిట్‌లో ఇది అడ్డంగా ఒక నల్లటి పట్టీలా మెల్లగా పాకుతూ కనబడుతుంది. ఎస్‌డీఐలో మెరుపు చుక్కలు, లేదా కనెక్టర్ తగిలించగానే టప్‌మని నిప్పురవ్వ, ఆ తర్వాత కాలిన కన్వర్టర్.

కాబట్టి గేటు దగ్గర కేబుల్ తగిలించేముందు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టులకు తిప్పి, కేబుల్ షెల్‌కూ ప్రాసెసర్ ఇనుప బాడీకీ మధ్య కొలవండి. వోల్టు లోపు ఉంటే తగిలించవచ్చు. అంతకుమించి చూపితే ఆగండి. మిక్సర్ టేబుల్‌కు కూడా అదే జనరేటర్ బోర్డు నుంచి లైను అడిగి తీసుకోవడం ఒక దారి. ఆ లైనుకు ఫైబర్ కన్వర్టర్ల జత వాడటం ఇంకా మంచి దారి. గాజు తీగలో కరెంటు పోదు, దూరం బెంగ కూడా తీరుతుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే పరిష్కారం మాత్రం ఎవరు చెప్పినా వినకండి. కార్తీక మాసపు వానలో తడిసిన నేల మీద ఇనుప ఫ్రేమ్ నిలబెట్టి ఉంటుంది, దాన్ని ఆనుకుని పిల్లలు ఫోటోలు దిగుతుంటారు.

కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఆ కొద్ది సెకన్లలో డీఏ ఆగితే ఎనిమిది తెరలూ ఒకేసారి నీలం అవుతాయి. అది గట్టిమేళం మోగే క్షణమే కావచ్చు. మిక్సర్, డీఏ, ఎన్‌కోడర్ యూపీఎస్ మీద ఉండాలి. ఎల్‌ఈడీ వాల్‌ను దాని మీద పెట్టొద్దు. దూరపు కన్వర్టర్‌కు టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి కరెంటు ఇవ్వడం కూడా మంచి అలవాటు కాదు, ఎవరో రిమోట్ నొక్కి టీవీ ఆపితే కన్వర్టరూ ఆగుతుంది. అడాప్టర్లు సాకెట్లోంచి జారకుండా టేపు వేయండి. డీఏలు వేడెక్కుతాయి. మే నెల ముహూర్తాల్లో మూసిన చెక్కపెట్టెలో పెట్టకుండా, పైనా కిందా ఓ అంగుళంన్నర గాలి వదలండి.

ముందురోజు సాయంత్రం పరీక్ష

ఎస్‌డీఐ మెల్లగా పాడవదు. ఒక మీటరు ముందు వరకు అద్దంలా ఉన్న బొమ్మ, ఇంకో నాలుగు మీటర్లకు చుక్కలు చిమ్మి, ఆ వెంటనే నల్లబడుతుంది. అందుకే బొమ్మ బాగుందని చూసి తృప్తిపడితే చాలదు, ఇంకా ఎంత దమ్ము ఉందో చూడాలి. ప్రతి పొడుగు లైనుకూ బ్యారెల్‌తో ఇంకో 20 మీటర్ల ముక్క కలిపి ఐదు నిమిషాలు నడపండి. తట్టుకుంటే ఆ ముక్క తీసేసి ధైర్యంగా ఉండవచ్చు. తట్టుకోకపోతే ఫార్మాట్ తగ్గించండి, లేదా మధ్యలో ఇంకో రీక్లాకింగ్ డీఏ పెట్టండి.

హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ ఉన్న చోట ముందు టీవీలు, తర్వాత స్ప్లిటర్, చివర కన్వర్టర్ ఆన్ చేయండి. మామూలు కన్వర్టర్ ఎదుటి టీవీ ఏం చూపగలదో అడగదు, వచ్చింది వచ్చినట్టు పంపుతుంది. టీవీలకు బాధ లేదు. మండపం వాళ్లు టీవీ బదులు కంప్యూటర్ మానిటర్ పెట్టి ఉంటే మాత్రం 1080ఐ50కి 'అవుట్ ఆఫ్ రేంజ్' అంటుంది. అక్కడ స్కేలర్ (బొమ్మ ఫార్మాట్‌ను మార్చేది) ఉన్న కన్వర్టర్ కావాలి. ల్యాప్‌టాప్ నుంచి ఫోటోల స్లైడ్‌షో స్ప్లిటర్‌కు నేరుగా ఇస్తే దీనికి విరుద్ధమైన చిక్కు వస్తుంది. ల్యాప్‌టాప్ టీవీల ఈడీఐడీ (తాను ఏం చూపగలదో టీవీ చెప్పే సమాచారం) చదివి దాన్నిబట్టి రిజల్యూషన్ మారుస్తుంది, నాలుగింట్లో ఒకటి పాత 720 టీవీ ఉంటే అన్నీ 720కి దిగిపోవచ్చు. స్ప్లిటర్ పక్కనున్న చిన్న డిప్ స్విచ్‌లతో ఈడీఐడీని 1080కి కట్టేస్తే తీరుతుంది. ఆ పాత టీవీకి 1080 రాకపోతే దాన్ని మార్చేయడమే.

భోజనాల హాల్లో ఎవరో ఒకరు క్రికెట్ పెట్టమంటారు. సెట్‌టాప్ బాక్సు బొమ్మకు హెచ్‌డీసీపీ తాళం ఉంటుంది, దాన్ని ఎస్‌డీఐలోకి మార్చబోతే నల్ల తెరే. అది రిపేరు చేయాల్సిన లోపం కాదు. బాక్సును హాల్లో ఉన్న ఒక టీవీకి నేరుగా తగిలించి ఇచ్చెయ్యండి.

పెళ్లి మధ్యలో ఒక తెర పోతే డీఏ ముందు దీపాలు చూడండి. ఇన్‌పుట్ లాక్ వెలిగి, ఒక్క తెరే పోయిందంటే మిక్సర్ జోలికి పోకండి. ఆ కేబుల్‌ను ఎనిమిదో పోర్టుకు మార్చండి. వస్తే పోర్టు పోయింది. రాకపోతే అటు చివర కన్వర్టర్ మార్చండి. అప్పటికీ రాకపోతే కేబులే, స్పేర్ పరచండి. రెండు వస్తువులు ఒకేసారి మారిస్తే ఏది చెడిందో తెలియకుండానే ముహూర్తం దాటిపోతుంది. అన్ని తెరలూ ఒకేసారి పోతే మిక్సర్ నుంచి డీఏకి వచ్చే ఆ చిన్న కేబుల్ చూడండి. రెండు మీటర్లే కదా అని దాన్ని పరీక్షించకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ.

గేటు దగ్గర బయటున్న కనెక్టర్లకు సాగే రబ్బరు టేపు చుట్టి, కేబుల్‌ను కనెక్టర్ కంటే కిందికి ఒక వంపు దించి పైకి తీసుకెళ్లండి. వాన నీరు ఆ వంపు నుంచి కారిపోతుంది. పాలిథిన్ కవరు ఒక్కటే కడితే లోపల చెమ్మ పట్టి మరీ చేటు. పని అయ్యాక విప్పి, తుడిచి, ఆరబెట్టి చుట్టండి. చెడిందని తేలిన కేబుల్‌ను అలాగే చుట్టి సంచిలో వేయకుండా, అక్కడికక్కడే దాని కనెక్టర్లు కోసి పారెయ్యండి. లేకపోతే వచ్చే ముహూర్తానికి అదే చేతికొస్తుంది.